ఎండంటే పడని మనిషి, ఎండ తినే దీపాలు

ఆ వీధిలో ఎవరిని అడిగినా ఆయన అసలు పేరు చెప్పలేరు. కవర్ల మావయ్య అంటే మాత్రం మాటలు రాని పిల్లలు కూడా వేలు చూపిస్తారు. స్కూటరు సీట్లకు, కారు సీట్లకు, ఆటో సీట్లకు కవర్లు కుట్టడం ఆయన పని. ఇంటిని ఆనుకుని రేకుల షెడ్డు, అందులో నల్లటి కుట్టుమిషను, గోడవార నిలబెట్టిన రెక్సిన్ చుట్టలు, కాలు పెట్టిన చోటల్లా స్పాంజి ముక్కలు. షెడ్డుకు వెనకవైపు ఒక కిటికీ ఉంది. అది పెరట్లోకి తెరుచుకుంటుంది. ఈ కిటికీని గుర్తుపెట్టుకోవాలి, దీనితో మనకు పని ఉంది.

చేసే పని మనిషికి అంటుకుంటుందంటారు. ఈయనకు అంటుకోవడం కాదు, పట్టుకుంది. ఇంట్లో టీవీకి కవరు, రిమోటుకు కవరు, ఫ్రిజ్ మీద కవరు, ఆ కవరు మాసిపోకుండా దాని మీద ఇంకో పల్చటి కవరు. గ్యాసు బండకు కుచ్చుల గౌను తొడిగాడు. గొడుగుకు కూడా ఒక తొడుగు కుట్టి, వాన పడుతుంటే ఆ తొడుగుతోనే గొడుగు వేసుకోబోయిన ఘనుడు. పెళ్లయిన కొత్తలో భార్య ముచ్చటపడి కొనుక్కున్న పేము కుర్చీ వరండాలో ఉండేది గానీ, దాని రంగేమిటో ఆవిడకే గుర్తులేదు. కొన్న మర్నాడే దానికి ముసుగు పడింది. మొదట్లో ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. తర్వాత అలవాటు పడింది. ఆ తర్వాత ఆ ఇంట్లో కవరు అనేది ఒకటుందని చూడటమే మానేసింది. ఎప్పుడూ మోగే ఫ్యాను చప్పుడు మనకు వినపడుతుందా? అలాగే.

కవర్ల మావయ్యకు లోకంలో శత్రువంటూ ఉంటే ఒక్కడే. సూర్యుడు. వానా ధూళీ ఆయన లెక్కలో చిల్లర దొంగలు, ఎండ గజదొంగ. ఎండకు రెక్సిన్ పెళుసెక్కుతుంది, స్పాంజి పొడి రాలుతుంది, కుట్టిన దారం చిక్కుడు నారలా తెగిపోతుంది. చిరిగిన సీటును అరచేత్తో ఒకసారి నిమిరి, “పడమటి గోడ పక్కన పెడుతున్నావు కదూ బండిని?” అని అడిగేవాడు. వచ్చినవాడు తెల్లబోయి అవునంటే, తప్పు చేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూసేవాడు. “లేత ఎండ అమ్మ, మిట్ట మధ్యాహ్నపు ఎండ మారుతల్లి” అన్నది ఆయన సొంత సామెత. అది ఎక్కడిదని ఎవరూ అడగలేదు కాబట్టి అదే వేదమైంది.

ఆయన భార్య ఊళ్లోని క్లినిక్‌లో మందుల కౌంటరు దగ్గర పనిచేస్తుంది. పొద్దున వెళితే వచ్చేసరికి సందెపొద్దు. రోజంతా కౌంటరు వెనక నిలబడి, “రోజుకు రెండు, తిన్నాక” అని చెప్పిందే చెప్పి, ఎవరినీ ఒక్క మాట అనలేని ఉద్యోగం. కాబట్టి అనాల్సినవన్నీ ఇంటికి తెచ్చుకునేది. చెప్పులు మార్చుకుని పెరట్లోకి దిగి, నీళ్లు పోస్తూ మొక్కలను తిట్టేది. పెరటిలో మిరప, టమాటా, నాలుగు గులాబీలు, ఒక చిక్కుడుపాదు. ఎవరి వాటా వాళ్లకు అందేది.

“పైకి ఎదగడమే గానీ కాయడం తెలీదు నీకు. ఊరికే నిలబడి మెక్కుతున్నావు” అనేది టమాటాతో. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. “చూడవే మిరపా, పొద్దున వెళుతూ వెళుతూ పాలు చూడమని చెప్పాను. పొంగి పొయ్యంతా పారాయి. నువ్వన్నా విన్నావు, వినాల్సినవాళ్లకు మాత్రం చెవులకు కూడా కవర్లున్నాయి.” ఇలా ఉండేది వరస.

కిటికీ లోపల కవర్ల మావయ్య ఒక్క మాటకూ బదులిచ్చేవాడు కాదు. కానీ ఆవిడ పెరట్లోకి దిగిన చప్పుడు వినగానే మిషను వేగం తగ్గించేవాడు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ, తిట్లన్నీ ఒక్కటి కూడా వదలకుండా వినేవాడు. తమ్ముడి కబురు, కౌంటరు దగ్గర జరిగిన గొడవ, నడుం నొప్పి, కొత్తగా వచ్చిన డాక్టరు చేతిరాత, ఆవిడ మనసులో ఉన్నదేదైనా ఆయనకు మిరప ద్వారానే తెలిసేది. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ ఉప్పు అందుకోమనడం తప్ప మాటలుండవు. ఆ సందెవేళ తిట్లంటే ఆయనకు ప్రాణం. ఆ సంగతి ఆవిడకు తెలియదు, ఆయన చెప్పి చావలేదు.

ఇలా ఉండగా ఒకరోజు ఆవిడ రావడం ఆలస్యమైంది. చీకట్లోనే పెరట్లోకి దిగింది. మొక్కల మధ్య దారి మలుపు తిరిగే చోట అంచు ఇటుక కాలికి తగిలి పడింది. చీలమండ బెణికి గుమ్మడికాయంత అయింది. వాపు తగ్గాక నడిచింది, ఉద్యోగానికీ వెళ్లింది, పగలు బట్టలారేయడానికి తప్ప పెరట్లోకి మాత్రం దిగలేదు. సాయంత్రం వచ్చి వెనక గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, చీకట్లో కలిసిపోతున్న మొక్కలను కాసేపు చూసి లోపలికి వెళ్లిపోయేది. మొక్కలకు ఆయనే నీళ్లు పోశాడు. గులాబీని ముంచాడు, మిరపను ఎండగట్టాడు.

ఓ రాత్రి అన్నం దగ్గర ఆవిడ ఆ మాట అననే అంది.

“తమ్ముడితో చెప్పాను. చేతిలో ఉన్న పని అయిపోగానే ఓ ఆదివారం వచ్చి కొలతలు తీసుకుంటాడు. పెరడంతా బండలు పరిపించేద్దాం. ఊడ్చుకోవడానికైనా హాయి.”

ఆవిడ తమ్ముడు తాపీమేస్త్రీ. అంటే ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు. కవర్ల మావయ్య చేతిలోని ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. వద్దనాలి, నీ తిట్లు వినపడకపోతే నాకు చెయ్యి ఆడటం లేదనాలి. మనసులో ఇంత ఉంది. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

“బండలు ఎండకి కాలిపోతాయి.”

“అయితే వాటికీ ఓ కవరు కుట్టండి” అని ఆవిడ కంచం తీసుకుని లేచింది.

మర్నాడు పొద్దున్నే ఆయన దీపాల షాపులో ఉన్నాడు. పెరట్లో వెలుతురుంటే ఆవిడ దిగుతుంది, దిగితే బండలు రావు. లెక్క అంతే. తీగలు లాగితే తడి నేలలో షాకు కొడుతుందని భయం, కాబట్టి సోలారు దీపాలే దిక్కు. జీవితమంతా ఎవడితో పోరాడాడో వాడి ఇంటికే చేయి చాచి వెళ్లినట్టుంది పరిస్థితి.

షాపాయన ఓపిక గలవాడు. ముందుగా మనిషి కదిలితే వెలిగే దీపం చూపించాడు.

“ఎవరైనా నడిస్తే టక్కున వెలుగుతుందండీ. నిలబడితే కాసేపటికి ఆరిపోతుంది. చార్జింగ్ ఆదా.”

“వద్దు. మా ఆవిడ ఒకచోట నిలబడి మాట్లాడుతుంది. సగంలో ఆరిపోతే మిగతా సగం నా మీద పడుతుంది.”

“ఎవరితో మాట్లాడతారండీ?”

“మిరపతో.”

షాపాయన ఇంకేమీ అడగకుండా రంగులు మారే దండ దీపాలు తీశాడు. ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా మెరిశాయి. “గులాబీ ఏ రంగో గులాబీకే అనుమానం వస్తుంది” అని కవర్ల మావయ్య తోసేశాడు. తెల్లటి వెలుగు దీపాలు చూపిస్తే, ఆవిడ రోజంతా క్లినిక్‌లో ఆ వెలుగులోనే ఉంటుంది, ఇంటికొచ్చాక కూడా క్లినిక్కేనా అన్నాడు. గోడకు తగిలించేవైతే గోడ బాగా కనిపిస్తుంది, ఇటుక అంచు కనిపించదు. చివరికి నేలలో గుచ్చే పొట్టి దీపాలు, పసుపు వెలుగువి, నెత్తిన నల్లటి పలక ఉన్నవి, ఆయన కంటికి ఆనాయి. ఒకటి విప్పదీయించి, లోపలి రబ్బరు వాషరును గోటితో నొక్కి, అతుకు మీద వేలు పోనిచ్చి, కుట్టు బాగుందన్నాడు. అందులో కుట్టేమీ లేదు. అయినా షాపాయన సంతోషించాడు.

“ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. ఎండకి తట్టుకుంటుందా?”

“అయ్యో, ఎండే దీని తిండండీ! ఎండ పడే చోట పెట్టండి, అంతే. ఇంక చూసుకోనక్కర్లేదు.”

చూసుకోనక్కర్లేదు అన్న మాట ఆయనకు నచ్చలేదు. చూసుకోనక్కర్లేదని చెప్పి అమ్మిన సీట్లే కదా రోజూ తన దగ్గరకు చిరిగి వస్తున్నది!

ఆ సాయంత్రం దారికి అటూ ఇటూ ఆరు దీపాలు గుచ్చాడు. పొద్దుగూకగానే ఒక్కొక్కటే వెలిగాయి. ఇటుక అంచు తేటగా కనిపించింది. భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడి, నమ్మలేనట్టు చూసి, గోడ పట్టుకుని ఒక మెట్టు దిగింది. “బాగున్నాయే” అంది. రెండో మెట్టు మీద ఆగి, “రేపు చూద్దాం, కొత్తవి కదా, ఎన్నాళ్లుంటాయో” అని మళ్లీ లోపలికి వెళ్లింది. ఆ రెండు మెట్లకే కవర్ల మావయ్యకు ఏనుగెక్కినంత అయింది.

అప్పుడే ఆయన బుర్రలో పురుగు కదిలింది. ఎన్నాళ్లుంటాయో అంది. నిజమే. తిండి తిండే, ఒప్పుకుంటాం. అలాగని పొద్దస్తమానం తింటే అరుగుతుందా? లేత ఎండ చాలదూ? మిట్టమధ్యాహ్నం ఆ నల్ల పలక పెళపెళమని పగిలితే దిక్కెవరు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. రాత్రికి రాత్రే మిషను దగ్గర కూర్చుని ఆరు టోపీలు కుట్టాడు. కాఫీరంగు రెక్సిన్, లోపల మెత్తటి గుడ్డ, అంచుకు ఎలాస్టిక్, దాని చుట్టూ సన్నటి తాడులా ఉబ్బెత్తుగా కుట్టిన తెల్లటి పైపింగు. అలాంటి పైపింగు కారు సీట్లకు కూడా అందరికీ వేయడు.

మర్నాటి నుంచి అదొక దినచర్య. తెల్లవారుతూనే పళ్లు తోముకుంటూ పెరట్లో తిరిగేవాడు, అంతసేపూ దీపాలు లేత ఎండ తినేవి. పుక్కిలించి ఉమ్మగానే తిండి అయిపోయినట్టు లెక్క. ఒక్కొక్కదానికే టోపీ తొడిగి, ఎలాస్టిక్ సర్ది, షెడ్డులోకి పోయేవాడు. సాయంత్రం భార్య వచ్చేలోపు టోపీలు తీసేవాడు. పొద్దుగూకేది. దీపాలు ఒకసారి కళ్లు తెరిచి, జ్వరం మనిషిలా చూసి, మూసుకునేవి.

ఒక్కటి తప్ప. బట్టలు ఆరేసే తీగ దగ్గరున్న దీపం మాత్రం రోజూ దివ్యంగా వెలిగేది. దాని టోపీ మొదటి రోజే ఎక్కడో పోయింది. గాలికి ఎగిరిపోయిందనుకున్నాడు. ఇంకోటి కుడదామంటే కాఫీరంగు రెక్సిన్ అయిపోయింది. ఐదు ఒక రంగు, ఒకటి ఇంకో రంగా? ఆయన కంఠంలో ప్రాణం ఉండగా జరగదు. అందుకని అది బోడితలతోనే నిలబడింది.

చీకట్లో ఒక్క దీపం వెలిగితే మిగతా దారి ఇంకా చీకటిగా కనిపిస్తుంది. భార్య గుమ్మం దాటలేదు. “చెప్పానుగా” అని మాత్రం అంది. ఆ మాటలో గెలిచిన సంతోషమేమీ లేదు. అదే ఆయన్ని ఎక్కువ కోసింది.

ఐదు దీపాలూ సంచిలో వేసుకుని షాపు మీదికి దండెత్తాడు. షాపాయన వాటిని గుమ్మం ముందు ఎండలో నిలబెట్టి, సాయంత్రం దాకా ఉంచి ఫోను చేశాడు. “రండి, చూడండి, షాపంతా పట్టపగల్లా ఉంది” అన్నాడు. వెళ్లి చూస్తే నిజమే.

“మరి మా ఇంట్లో ఎందుకు వెలగవు?”

“చెట్టు నీడేమైనా ఉందాండీ?”

“నీడా! మా పెరట్లో దారి పక్క మొక్కలు నా నడుం దాటవు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండే, కళ్లు బైర్లు కమ్మేంత ఎండ.”

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దీపాలు ఎండలోనే ఉన్నాయి మరి. కవరు వేసిన స్కూటరు ఎండలో ఉందనే అంటాం గానీ నీడలో ఉందంటామా? ఆయన దృష్టిలో కవరు వేయడమంటే వస్తువును ఇంకో చోటికి మార్చడం కాదు. షాపాయన తల గోక్కుని, గొడవెందుకని ఐదూ మార్చి కొత్తవిచ్చాడు. కొత్తవి ఒక్క పూట వెలిగి, టోపీలు పెట్టుకుని, పాతవాటి దారే పట్టాయి. మళ్లీ వెళ్లాడు. ఈసారి ఆయన వీధి మలుపు తిరగడం చూసి షాపాయన కౌంటరు కింద ఏదో వెతకడం మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ అది దొరకలేదు.

“ఒక్కటి వెలుగుతోందయ్యా మా ఇంట్లో!” అని కవర్ల మావయ్య కౌంటరు మీదుగా కిందికి వంగి అరిచాడు. “నువ్వు పొరపాటున ఇచ్చిన మంచి సరుకు అదొక్కటే!”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మనిషితో ఎవరు వాదిస్తారు?

ఇంతలో ఆదివారం రానే వచ్చింది, మేస్త్రీ బావమరిదీ వచ్చాడు. టేపు, సుద్దముక్క, చెవి మీద పెన్సిలు. కవర్ల మావయ్య పలకరించకుండా మూతి ముడుచుకుని వెనక నడిచాడు. భార్య తీగ మీద ఉతికిన బట్టలు ఆరేస్తోంది. పగలు కాబట్టి దిగింది, మొక్కల వైపు మాత్రం చూడటం లేదు. పోయేవాటితో మాటలెందుకన్నట్టుంది ఆవిడ వాలకం.

బావమరిది పెరట్లోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. బయటి మనిషి కదా, వాడి కళ్లకు కవర్లు కనిపిస్తాయి.

“బావా, ఏంటివి? ఈ పొట్టివాళ్లందరికీ టోపీలు పెట్టి నిలబెట్టావ్, బడికి పంపిస్తున్నావా?”

“నోర్ముయ్. సోలారు దీపాలు. ఎండకి పాడవకుండా పెట్టాను.”

“దేనికి పాడవకుండా?”

“ఎండకి.”

బావమరిది దీపాలను చూశాడు, బావను చూశాడు, తలెత్తి నెత్తిన మండుతున్న సూర్యుణ్ణి చూశాడు. “వెలుగుతున్నాయా మరి?”

“ఎక్కడ! అన్నీ దొంగ సరుకు. అదిగో, ఆ తీగ దగ్గరది ఒక్కటే అసలు సరుకు. దాని టోపీ గాలికి పోయింది, అయినా పాపం అది రోజూ...”

అక్కడ ఆయన ఆగాడు. బట్టల తీగకు తగిలించిన చిన్న సంచిలోంచి భార్య ఒక క్లిప్పు తీసి తువ్వాలుకు పెట్టింది. ఆ సంచి కాఫీరంగుది. అంచుకు తెల్లటి పైపింగు ఉంది.

“అది...” అన్నాడు కవర్ల మావయ్య.

“ఇదా? ఆ దీపం మీద ఉంది. మీ ముక్కల్లో ఒకటి గాలికి వచ్చి పడిందనుకుని క్లిప్పులు వేసుకున్నా. ఎలాస్టిక్ కూడా ఉంది, బాగుంది. ఏం?”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. కవర్ల మావయ్య దారి అంచున ఇటుక మీద కూలబడ్డాడు, ఆవిడ కాలు బెణికిన ఇటుకే అది. బావమరిది నవ్వు ఆపుకోలేక టేపు పట్టుకుని గోడవైపు తిరిగాడు. వాడి భుజాలు అదిరిపోతున్నాయి. భార్యకు అర్థం కావడానికి కాస్త పట్టింది. అయ్యాక మాత్రం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కాలు బెణికాక ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదలు.

“అన్నం పెట్టి మూతి కుట్టేశారా వాటికి!” అంది నవ్వు మధ్యలో. “నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“నువ్వు పెరట్లోకి రావట్లేదుగా” అన్నాడాయన, నేల చూస్తూ.

ఆవిడ నవ్వు ఆపి ఆయన్ని చూసింది.

టోపీలన్నీ బావమరిదే పీకేశాడు. “అక్కా, కొలతలు ఇవాళ వద్దులే, సాయంత్రం చూసి చెప్పు” అని టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పని పోయినందుకు బాధ కంటే వీధి వీధినా చెప్పుకోవడానికి ఓ కథ దొరికిందన్న ఆనందమే వాడి మొహంలో ఎక్కువ. ఆ మధ్యాహ్నం కవర్ల మావయ్య పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. మండుటెండలో బోడితలలతో నిలబడ్డ దీపాలను కిటికీలోంచి చూడలేడు, చూడకుండా ఉండలేడు. చేతులు దురద పెట్టాయి. ఆ దురద తీరడానికి షాపాయన కూర్చునే స్టూలుకు ఒక కవరు కుట్టాడు. క్షమించమని అడగడం ఆయనకు రాదు, పైపింగు వేయడం వచ్చు. అది కుట్టడం అయ్యాక వరండాలోకి వెళ్లి, పేము కుర్చీ ముసుగు ముడులు విప్పాడు. కుర్చీ తేనెరంగులో ఉంది. దాన్ని మోసుకెళ్లి పెరట్లో, దారి మలుపు దగ్గర వేశాడు.

పొద్దుగూకింది. తీగ దగ్గరది ముందు వెలిగింది. తర్వాత దాని పక్కది, ఆ తర్వాత మిగతావి. ఇటుక అంచు పొడవునా పసుపు వెలుతురు పరుచుకుంది. షెడ్డులో మిషను ముందు ఆయన చక్రం మీద చెయ్యి వేసి, మెల్లగా తిప్పుతూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర అలికిడి. ఒక మెట్టు, రెండో మెట్టు, ఆ తర్వాత మట్టి మీద చెప్పుల చప్పుడు. కాసేపటికి కుర్చీ కిర్రుమంది.

“ఏమే మిరపా, ఇట్లా అయిపోయావేంటే? నీళ్లు పోశానన్నాడే ఆయన! గులాబీకి పోసినదాంట్లో సగం నీకు పోసినా బాగుండేదానివి. జాగ్రత్త, చలేస్తోందని మాత్రం ఆయన ముందు అనకు. రాత్రికి రాత్రే నీకూ చొక్కా కుట్టేస్తాడు.”

ఇలాంటప్పుడు మిషను నెమ్మదించాలి. ఆవేళ ఆగిపోయింది. కవర్ల మావయ్య లేచాడు, మెడలోని టేపు కూడా తీయకుండా పెరట్లోకి వచ్చి, టమాటా మొక్క ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

“ఒరేయ్ టమాటా,” అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఆవిడతో చెప్పు. ఇన్నాళ్లూ ఆ కిటికీ దగ్గర కూచుంటే... ఏమీ వినపడక పిచ్చెక్కిపోయిందని చెప్పు. ఒక్క సీటూ సరిగ్గా కుట్టలేదని చెప్పు. పాలు పొంగిన సంగతి విన్నాననీ, నడుం నొప్పి సంగతి విన్నాననీ చెప్పు. మొదట్నించీ అన్నీ విన్నానని చెప్పు. బండలు వద్దని చెప్పు.”

ఆవిడ తల తిప్పలేదు. మిరప ఆకు ఒకటి తుంచి వేళ్ల మధ్య తిప్పింది.

“ఎంతసేపు నిలబడతారు?” అంది. “లోపల్నించి స్టూలు తెచ్చుకోండి.”

ఆ మాట మిరపతో కాదు.